నురగ కక్కిన రాళ్ళు

గుంటూరు, బ్రాడీపేట
12 జూన్ 2025

జ్యోతీ,

నేను సిద్దికాని. దస్తూరీ చూడగానే గుర్తుపట్టే ఉంటావు. కాలేజీలో నా రికార్డు సగం నువ్వే రాసిపెట్టేదానివి, ఈ కోడిగీతలు చదవలేక లెక్చరర్ తిడుతున్నాడని.

పోయిన వారం సరుకు కోసం హైదరాబాదు వెళ్ళాను. ఒక అక్వేరియం చేపల షాపులో నల్ల పలకరాళ్ళ పెట్టె కనిపించింది. మూత మీద "ప్రతి రాయీ పరీక్షించి పంపుతున్నాము" అని, కింద నీ సంతకం అచ్చు, కనిగిరి అడ్రసు. అక్కడే నిలబడిపోయాను. పెట్టె మీది నంబరుకి ఫోన్ చేస్తే ఎవరో మగమనిషి ఎత్తాడు. ఎవరినని చెప్పుకోవాలో తెలియక పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం.

మనిద్దరం పెట్టిన చేపల షాపు ఇంకా అదే సందులో ఉంది. నువ్వు వెళ్ళి ఆరేళ్ళు. వెంకయ్య గారింట్లో ఆ ఖరీదైన డిస్కస్ చేపలు చచ్చిపోయాక ఈ ఊళ్ళో పెద్ద ట్యాంకు పని నాకు ఎవరూ ఇవ్వలేదు. ఒంటి చేప గాజు గిన్నెలు అమ్ముకుంటూ లాక్కొచ్చాను. ఇన్నాళ్ళకి ఒక పని వచ్చింది. కొత్తగా కట్టిన పిల్లల ఆసుపత్రిలో, నెలనెలా రక్తం ఎక్కించుకునే పిల్లల వార్డులో, ఎనిమిదడుగుల ట్యాంకు. నిండా మొక్కలు ఉండాలన్నారు. గంటలకొద్దీ మంచం మీద కదలకుండా పడుకుంటారు కదా, చూడ్డానికి ఏదన్నా ఉండాలని డాక్టరమ్మ కోరిక. ఆ పిల్లల ముందు చేపలు వెల్లకిలా తేలితే నేను బతకలేను జ్యోతీ.

అడుగున ఏ మన్ను వేయను? ఏ రాళ్ళు, ఏ కొయ్య పెట్టను? రాళ్ళు అమర్చడంలో నీ కన్ను నాకు ఎప్పుడూ రాలేదు. రాళ్ళు నువ్వే పంపు.

నీ
సిద్దికా


కనిగిరి
24 జూన్ 2025

సిద్దికాకి,

ఉత్తరం అందింది. సంతోషం. ఫోన్ చేయొద్దు. ఆ నంబరు మా ఆయన లక్ష్మీకాంత్‌ది. ఇంట్లో ఎవరు మాట్లాడినా అందరికీ వినబడుతుంది. ఉత్తరాలే రాయి.

నువ్వడిగినవి రాస్తున్నాను. జాగ్రత్తగా చదువు.

మిరప చేలో మన్నూ, పత్తి చేలో మన్నూ గుప్పెడు కూడా వేయకు. ఎన్నేళ్ళు బీడు పెట్టామని చెప్పినా నమ్మకు. కొట్టిన మందు మట్టిలో ఎన్నాళ్ళుంటుందో కొట్టినవాడికే తెలియదు. పొలాల నీళ్ళు దిగని చెరువు చూసుకుని, గట్టు వారన మన్ను తీసుకో. నానబెట్టి, వడకట్టి, ఎండబెట్టు. అలా మూడుసార్లు. దాని మీద రెండంగుళాలు ఏటి ఇసుక. కడిగిన నీళ్ళు తాగే నీళ్ళలా తేటపడేదాకా కడుగు.

రాళ్ళు మార్కాపురం పలకరాళ్ళు పంపుతాను, కొంచెం పలుగురాయి కూడా. తుప్పు చారలున్నవీ, ఇత్తడిలా మెరిసే గీతలున్నవీ నేనే తీసేస్తాను. అయినా నువ్వు మళ్ళీ చూడు. ప్రతి రాయినీ ఒక అంచున పగలగొట్టి, లోపలి ముఖం మీద నిమ్మరసం పిండు. చిన్న బుడగ వచ్చినా అది సున్నపురాయే, పారెయ్. కొత్త మన్ను మొదటి వారాల్లో నీళ్ళలోకి విషం వదులుతుంది. మామూలు నీళ్ళలో అది అణిగి ఉంటుంది. సున్నం కలిసి నీరు ఘాటెక్కిందంటే ఆ విషం ఒక్కసారి లేస్తుంది. తెల్లారేసరికి అన్నీ పోతాయి. అందుకే ఆరు వారాలు చేపలు వదలకు.

కొయ్యకి ఎండి పుల్లలా మోగే చింతవేరు మంచిది. పచ్చిది వద్దు.

ఒక్క రాయి కూడా చూడకుండా పెట్టకు. ఎంత తొందరున్నా సరే. నేను పరీక్షించానని చెప్పినా సరే.

నాగజ్యోతి


గుంటూరు
9 జూలై 2025

జ్యోతీ,

రాళ్ళు ఆర్టీసీ పార్శిల్లో చేరాయి. పెట్టె విప్పి నవ్వాను, తర్వాత నవ్వు పోయింది. ఒక్కో రాయికీ ఒక్కో కాగితం, దాని మీద మూడు తేదీలు. ప్రతి రాయినీ మూడుసార్లు చూశావా? నీ ఉత్తరం కూడా అలాగే ఉంది. ఆరేళ్ళ తర్వాత రాస్తూ, ఎలా ఉన్నావే అని ఒక్క మాట లేదు. ఎవరో వెంటపడుతుంటే రాసినట్టుంది.

నేను మాత్రం ఇసుక ఎవర్నీ ముట్టుకోనివ్వను. యేసుపాదం చేసిన పని తర్వాత నాకు మనుషుల మీద నమ్మకం పోయింది. మన షాపులో మొదటి అద్దం కోసినవాడు, మనకి గమ్ము పట్టించడం నేర్పినవాడు. అలాంటివాడు ఏటి ఇసుక కడగడానికి బద్ధకించి సూర్యలంక నుంచి సముద్రపు ఇసుక తెచ్చి పోశాడు. గవ్వల ముక్కలున్న ఇసుక, అంతా సున్నమే! పైగా తాను పోయలేదని షాపులో వెంకయ్య గారి ముందు బైబిల్ మీద చెయ్యి వేసి ప్రమాణం. ఆ చెయ్యి ఇప్పటికీ కళ్ళకు కడుతుంది.

చెప్పకూడదనుకున్నాను కానీ, మొన్న అతన్ని చూశాను. కొలతలు తీసుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళేదారిలో మిర్చి యార్డు పక్కన ఆగాను. మిరప టిక్కీ బస్తాల మూతులు దబ్బనంతో కుడుతున్నాడు. నోటికి తువ్వాలు కట్టుకుని దగ్గుతున్నాడు. నన్ను చూశాడు. నేను మొహం తిప్పుకున్నాను. మనం మాన్పించాక ఊళ్ళో ఏ చేపల షాపువాడూ అతన్ని పెట్టుకోలేదని విన్నాను. చేసుకున్నదానికి ఎవరేం చేస్తారు?

ఆసుపత్రిలో ట్యాంకు పెట్టే గోడ వైపు మంచం మీద ఒక పిల్ల ఉంది. పేరు అర్ఫా, ఏడేళ్ళు. "చేపలకి కూడా రక్తం ఎక్కిస్తారా?" అని అడిగింది. లేదన్నాను. "అదృష్టం" అంది.

నీ సంగతులు రాయి.

సిద్దికా


కనిగిరి
28 జూలై 2025

సిద్దీ,

మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఇది నాలుగోది. ఇదైనా పోస్టులో వేస్తానో లేదో.

యేసుపాదం సముద్రపు ఇసుక పోయలేదు.

వెంకయ్య గారి ట్యాంకులో పెట్టిన తెల్లచారల రాళ్ళు గుర్తున్నాయా? రెండు బస్తాలు తెచ్చాను, పిడుగురాళ్ళ రోడ్డు పక్క నుంచి. ఒక బస్తా పరీక్షించాను. రెండోది చూడలేదు. ఆ రోజు మధ్యాహ్నం నన్ను చూసుకోవడానికి లక్ష్మీకాంత్ వాళ్ళు వస్తున్నారు, నాకు బస్సు టైమయింది. రెండూ ఒకే చోట ఏరినవే కదా అనుకున్నాను. "అన్నీ చూశావా?" అని నువ్వడిగావు. చూశానన్నాను.

చేపలు పోయిన రోజు షాపు వెనక గదిలో మిగిలిన నాలుగు రాళ్ళ మీద నిమ్మకాయ పిండాను. నురగ కక్కాయి సిద్దీ. నాలుగూ. ఆ చప్పుడు ఇప్పటికీ వినబడుతుంది. చెప్పాలనే ముందు గదిలోకి వచ్చాను. అప్పటికే నువ్వు అతన్ని నిలదీస్తున్నావు, "ఇసుక పోసే ముందు రోజే గదా సూర్యలంక పోయొచ్చావు, నీ బండి నిండా ఇసుకే" అని. అతను వాళ్ళ చర్చి వాళ్ళతో బాప్తిస్మానికి వెళ్ళొచ్చాడు, అంతే. సముద్రపు ఇసుక అన్న మాట నా నోటి నుంచి రాలేదు. నువ్వన్నావు. వెంకయ్య గారు అందుకున్నారు. నేను నోరు తెరవలేదు. యూనివర్సిటీ ఫస్టు వచ్చినదాన్ని, రోజూ మీ అందరికీ పరీక్ష చేయాలని పాఠాలు చెప్పినదాన్ని, ఎలా చెప్పను?

మర్నాడు పొద్దున్నే ఆ నాలుగు రాళ్ళూ ఆటోలో వేసుకెళ్ళి ఛానల్ కాలవలో పడేశాను. అతను మూడో రోజు వచ్చి రాళ్ళు చూద్దామన్నప్పుడు, లేవు, పారేశామని నేను చెప్పింది అందుకే.

నా మొహం చూపించలేక పెళ్ళి వంకతో వచ్చేశాను. నువ్వు పెళ్ళికి రాకపోతే ఊపిరి పీల్చుకున్నాను.

ఈ ఉత్తరం చదివి చించెయ్.

జ్యోతి


గుంటూరు
19 ఆగస్టు 2025

నాగజ్యోతీ,

చించలేదు. చేతిసంచిలో పెట్టుకుని యేసుపాదం ఇంటికి వెళ్ళాను. ఆయనకే ఇచ్చాను. కళ్ళజోడు తెచ్చుకుని గుమ్మంలో కూర్చుని మెల్లగా చదివాడు, బైబిల్ చదివినట్టే వేలు పెట్టి. మధ్యలో రెండుసార్లు దగ్గు వచ్చి ఆగాడు. చదవడం అయ్యాక మడతపెట్టి నా చేతికిచ్చాడు.

"ఇందులో కొత్తేముందమ్మా? ఇది నాకు ఆ రోజే తెలుసు. ఇసుక కడిగింది నేనే గదా, ఇక మిగిలింది రాళ్ళే" అన్నాడు.

"తెలిస్తే ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"రాళ్ళు చూడమని చెప్పా గదమ్మా. పెళ్ళి కుదిరిన పిల్ల, ఆ పిల్ల పేరు నేనెట్టా ఎత్తను? వెంకయ్య గారి మనుషులు ట్యాంకులో రాళ్ళన్నీ రోడ్డు పక్కన పోశారు, ఒకటి తెచ్చి చూడండమ్మా అని మీ కాడికొచ్చి చెప్పా. స్కూటరు మీద పది నిమిషాలు. మీరు పోలేదు."

నిజమే. నాతో చెప్పాడు. నాకు గుర్తే లేదు. ఇప్పుడు ఆయన చెబుతుంటే ఆ రోజు ఆయన వేసుకున్న చొక్కా రంగు కూడా గుర్తొచ్చింది. నేనేమన్నానో కూడా గుర్తొచ్చింది. "నువ్వు నాకు నేర్పుతావా?" అన్నాను.

వాళ్ళావిడ సువార్తమ్మ లోపలి నుంచి వచ్చింది. నువ్వు ఆ మాటలు వినాలి, అందుకే రాస్తున్నాను. "ఏమ్మా, పని పోతే పోయింది. ఇంకో పని చేసుకుంటన్నాడు. చర్చిలో ఇరవై ఏళ్ళు పెద్దగా ఉన్నోడు. బైబిల్ మీద అబద్ధం ఆడాడని పెద్దరికం తీసేశారు. రొట్టె తీసుకోటానికి ప్రభు బల్ల దగ్గరికి రావద్దన్నారు. ఆరేళ్ళ బట్టీ ఈయన వెనక బెంచీలో కూచుని వస్తన్నాడు. మాయమ్మాయి పెళ్ళికి ప్రార్థన చెయ్యటానికి ఈయన్ని నిలబడనియ్యలా. మీరు చేపలు చచ్చినయ్యని ఏడిచారు. మా ఇంట్లో ఏం చచ్చిందో చూశారా?"

యేసుపాదం ఆమెను ఊరుకోమన్నాడు. షాపుకి తిరిగి రమ్మని బతిమాలాను. ఆసుపత్రి ట్యాంకు ఆయన చేత్తోనే కట్టాలన్నాను. రానన్నాడు. "ఈ దగ్గుతో గమ్ము వాసన పడదమ్మా" అన్నాడు. ఇంకేం చేయమంటావని అడిగితే ఒకటే చెప్పాడు. "మీరిద్దరూ ఒక ఆదివారం మా చర్చికి వచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పండి. అంతే."

నేను వెళ్తాను. తప్పు నీది సగం, నాది సగం కాదు. నాది కూడా పూర్తి తప్పే. నువ్వు అబద్ధమాడావు, నేను అడక్కుండానే తీర్పు చెప్పాను. పనివాడు కాబట్టి. నీ మీద అనుమానం ఒక్క క్షణమైనా రాలేదు నాకు. ఎందుకు రాలేదో ఆలోచిస్తే నా మీద నాకే రోత పుడుతోంది.

కనిగిరి నుంచి గుంటూరుకి బస్సు ఉంది. ఏ ఆదివారమో రాయి.

సిద్దికా


కనిగిరి
7 సెప్టెంబరు 2025

సిద్దీ,

నా ఉత్తరం అతనికి చూపిస్తావని నేననుకోలేదు. నమ్మి రాశాను. చించెయ్యమన్నాను కదా.

నేను రాలేను. కోప్పడకుండా విను. మా ఆయన చేసేదే రాళ్ళ వ్యాపారం. హైదరాబాదు, బెంగళూరు షాపులకి పెట్టెలు వెళ్తాయి. ప్రతి పెట్టె మీద నా సంతకం ఉంటుంది. నాగజ్యోతి చూసిన రాయి అంటే కళ్ళు మూసుకుని కొంటారు. మా ఇల్లు ఆ సంతకం మీద నడుస్తోంది. షెడ్డులో తొమ్మిదిమంది ఆడవాళ్ళు రాళ్ళు కడుగుతారు, వాళ్ళ ఇళ్ళు కూడా దాని మీదే. చూడని రాయి పెట్టి చేపల్ని చంపి, ఆ నేరం ఇంకొకళ్ళ మీద పడుతుంటే చూస్తూ ఊరుకుందని తెలిస్తే ఒక్క పెట్టె కదలదు. లక్ష్మీకాంత్‌కి ఈ సంగతి తెలియదు. తెలిస్తే ఏమంటాడో ఊహించుకోవడానికి కూడా భయం.

ఆరేళ్ళుగా ఒక్క రాయి కూడా చూడకుండా పంపలేదు. నా వేళ్ళు నిమ్మరసానికి పగిలిపోయాయి. అది శిక్ష కాదా?

అతను మంచివాడు. క్షమించే ఉంటాడు. వాళ్ళ మతంలోనే ఉంది కదా. నువ్వు వెళ్తే వెళ్ళు, కానీ నా పేరు చెప్పకు. రాళ్ళు ఎవరో తెచ్చారను. అంతే కదా కావలసింది, అతను అబద్ధమాడలేదని? దానికి నా పేరెందుకు?

మందులకీ, డాక్టరుకీ ఏం కావాలన్నా నేను చూసుకుంటాను. అతనికి చెప్పు.

జ్యోతి


గుంటూరు
3 నవంబరు 2025

నాగజ్యోతి గారికి,

నమస్కారం. ఈ ఉత్తరం ఆలస్యమైంది. మీరు వస్తారేమోనని నాలుగు ఆదివారాలు చూశాను.

మందుల సంగతి యేసుపాదం గారితో చెప్పలేదు. చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆసుపత్రి ట్యాంకు పూర్తయింది. మీరు పంపిన రాళ్ళే పెట్టాను. వాటిలో తప్పేమీ లేదు. మొక్కలు వేళ్ళూనాయి. ఆరు వారాలు ఆగి చేపలు వదిలాను. ఒక్కటి కూడా పోలేదు. అర్ఫా ఒక్కో చేపకీ తన పక్క మంచాల పిల్లల పేర్లు పెట్టింది. డాక్టరమ్మ మెచ్చుకుంది. ఇంకో రెండు పనులు కూడా వచ్చాయి.

నిన్న ఆదివారం చర్చికి వెళ్ళాను. మా అమ్మ వెళ్ళొద్దంది, బుర్ఖా వేసుకుని అక్కడికి పోయి నిలబడితే రెండు వైపులా మాటలొస్తాయని. వెళ్ళాను. పాటలయ్యాక పాస్టరు గారు పిలిచారు. నూట యాభైమంది దాకా ఉన్నారు. జరిగింది చెప్పాను. ఇసుక ఏటిదేనని, ఆయన కడిగిందేనని, తప్పు రాళ్ళలో ఉందని, ఆ మాట ఆయన చెప్పినా వినకుండా నేనే దొంగని చేశానని, బైబిల్ మీద ఆయన చేసిన ప్రమాణం అక్షరాలా నిజమని. "రాళ్ళు తెచ్చింది..." అని మీ పేరు చెప్పబోయాను. మీరు వద్దన్నారని ఆగే ఉద్దేశం నాకు లేదు.

యేసుపాదం గారు వెనక బెంచీలోంచి లేచారు. "వద్దమ్మా. వచ్చినోళ్ళ సంగతి వాళ్ళు చెప్పుకున్నారు. రానోళ్ళ పేరు ఇక్కడెందుకు?" అన్నారు.

ఆపేశాను. అలా మీ పేరు బయటికి రాలేదు. మీ పెట్టెలకి వచ్చిన భయం ఏమీ లేదు.

నా మాటలయ్యాక ఒకాయన గడియారం చూసుకున్నాడు. ఆ రోజుల్లో యేసుపాదం గారిని పెద్దరికం నుంచి తీసేయాలని గట్టిగా పట్టుబట్టిన పెద్ద చనిపోయి రెండేళ్ళయిందట. కుర్రాళ్ళలో సగంమందికి అసలు ఈ గొడవే తెలియదు. నా వెనక ఒకావిడ పక్కావిడని అడుగుతోంది, "ఏ చేపలంట?" అని. ఆరేళ్ళు ఒక మనిషి తల ఎత్తకుండా కూర్చుంటే, ఆ తల ఎందుకు దించుకున్నాడో కూడా వాళ్ళు మర్చిపోయారు. పాస్టరు గారు మంచివారే, ఆయన కొత్తగా వచ్చారు. ముందుకొచ్చి కూర్చోమని యేసుపాదం గారిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మొదటి వరసలో కూర్చోబెట్టారు. సువార్తమ్మ గారు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు.

తర్వాత ప్రభు బల్ల రొట్టె పళ్ళెం వచ్చింది. ఆరేళ్ళుగా ఆయన్ని దాటించి పోయిన పళ్ళెం. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. నేను కూడా చూశాను. తీసుకుంటే నా గుండె మీది బరువు దిగుతుందని చూశాను, దాచుకోవడం ఎందుకు? ఆయన పళ్ళెం అందుకున్నారు. దాన్ని కొంచెంసేపు ఒళ్ళో పెట్టుకున్నారు. తర్వాత ముక్క తీయకుండానే పక్కాయనకి అందించి, చెప్పులు వేసుకుని బయటికి నడిచారు.

సిద్దికా